అశ్రద్ధచే నశించిన యుద్ధనౌక

యుద్ధనౌక యనగానే మన మనస్సునకు ఫిరంగులును, క్షిపణులును, విమానములును తోచును. అట్టి నౌక నశించినదని వినినచో ఏ శత్రువు కొట్టెనో, ఏ సముద్రమున మునిగెనో యని యడుగుదుము. కాని నౌకల చరిత్రమును పరిశీలించినవారికి వేరొక సంగతి కూడ తెలియును. శత్రువు కంటబడకయే, తుపాను లేకయే, స్వదేశపు రేవులో త్రాళ్లతో గట్టునకు కట్టబడియుండి నశించిన మహానౌకలు కలవు. వానిని చంపినది అశ్రద్ధ. అశ్రద్ధ ఫిరంగివలె ధ్వని చేయదు. ఒక్కనాటిలో వచ్చునదియు కాదు. ఒక గొట్టమునందు, ఒక తలుపునందు, ఒక పుస్తకపు లెక్కయందు దినదినమును కొంచెము కొంచెముగా కూడి, కడపట ఒక్క గడియలో తన పని చేయును.

ఈ విషయమును విద్యార్థులకు తేటపరచుటకై మేము అమెరికా దేశపు నౌక యొకదాని కథను గైకొనుచున్నాము. ఆ నౌక పేరు బోనమ్ రిచర్డ్. అది 2020వ సంవత్సరము జూలై నెలలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాండియాగో రేవున కాలిపోయెను. ఆ దేశపు నౌకాదళమువారే విచారణ జరిపి, తమ లోపములను దాచక, 2021వ సంవత్సరము అక్టోబరు నెలలో నివేదికను ప్రకటించిరి. కావున ఈ కథలో ఊహకు చోటు తక్కువ, నేర్చుకొనదగినది ఎక్కువ.

నౌక యెట్టిది?

బోనమ్ రిచర్డ్ అను మాట ఫ్రెంచి భాషలోనిది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలమున జాన్ పాల్ జోన్సు అను నావికుడు తన ఓడకు ఈ పేరు పెట్టెను. బెంజమిన్ ఫ్రాంక్లిను 'పేద రిచర్డు' అను మారుపేరుతో ఏటేట ప్రకటించిన పంచాంగమునుబట్టి, ఆయన గౌరవార్థము, ఈ పేరు వచ్చినది. ఆ పంచాంగము పొదుపును, మెలకువను, చిన్న పనులయందు శ్రద్ధను బోధించుటచే ప్రసిద్ధి గాంచినది. చిన్న అశ్రద్ధనుండి పెద్ద కీడు పుట్టునని పదే పదే చెప్పిన పంచాంగకర్త పేరు ధరించిన నౌకకు చిన్న అశ్రద్ధలవలననే చావు మూడుట విచిత్రము.

మేము చెప్పుచున్న నౌక 1998వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీన సేవయందు ప్రవేశించెను. దాని పొడవు 844 అడుగులు. బరువు సుమారు 40,000 టన్నులు. లోపల పదునాలుగు అంతస్తులు. పై అంతస్తు విమానములును హెలికాప్టరులును దిగుటకు చదునుగా నుండును. అడుగు అంతస్తులలో సైనికుల బండ్లును, సామగ్రియు, వెనుకభాగమున చిన్న పడవలును ఉండును. సముద్రతీరమున సేనలను దింపుటయే దాని పని. దాని నావికులు సుమారు వేయిమంది. ఇది కేవలమొక ఓడ కాదు. వంటశాలలు, వైద్యశాల, విద్యుచ్ఛక్తి యంత్రములు, పడకగదులు, చమురుతొట్లు గల ఒక చిన్న పట్టణము.

ఇనుమునకు శత్రువులు

ఇంతటి ఉక్కుకోటకు ఏమి భయమని మనకు తోచవచ్చును. కాని సముద్రమున ఉక్కు ఎన్నడును విశ్రాంతి నెరుగదు. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీరములందు నివసించువారికి ఉప్పుగాలి కిటికీచువ్వలను ఎట్లు తినునో తెలిసియే యుండును. ఇనుము నీటితోను, గాలిలోని ప్రాణవాయువుతోను కూడి తుప్పుగా మారును. నీటిలో ఉప్పున్నచో ఈ మార్పు మరింత త్వరగా జరుగును. అంతేకాక, నౌకయొక్క చక్రము కంచు జాతి లోహముతోను, ఒడలు ఉక్కుతోను చేయబడి యుండుటచే, ఈ రెంటికిని మధ్య ఉప్పునీరు చేరి విద్యుద్ఘటమువలె పనిచేయును. అప్పుడు ఉక్కు కరగిపోవుచుండును. దీనిని నివారించుటకై ఓడ అడుగున తుత్తునాగపు దిమ్మలను బిగింతురు. తుత్తునాగము తాను కరగి ఉక్కును కాపాడును. కాని ఆ దిమ్మలు అరిగిపోయిన వెంటనే క్రొత్తవానిని బిగింపనిచో ఆ రక్షణ పోవును. చూడుడు, రక్షించు వస్తువునకు కూడ మరల రక్షణ కావలెను!

తుప్పుకంటె మరుగున నుండు శత్రువు లింకను కలవు. గొట్టములలో నీటిని విడుచుటకును ఆపుటకును మరలు ఉండును. నెలల తరబడి త్రిప్పని మర బిగుసుకొని పోవును. అవసరమైనప్పుడు పదిమంది పట్టినను కదలదు. నౌకలోని గదుల మధ్య నుండు ఉక్కుతలుపుల అంచున రబ్బరు పట్టీ యుండును. తలుపు బిగించినచో నీరును పొగయు ప్రక్కగదికి పోకుండ ఈ పట్టీయే ఆపును. ఆ పట్టీ ఎండి పగిలినచో, లేక దానిమీద ఎవరైన రంగు పూసినచో, తలుపు మూసినట్లే కనబడును గాని మూసినది కాదు. విద్యుత్తీగలపై తొడుగు చెడినచో నిప్పు పుట్టును. నీటిపంపు అరిగినచో నీరు చాలినంత బలముతో రాదు. వీనిలో ఏ లోపమును దూరమునుండి చూచువానికి కనబడదు. పైనుండి చూచినచో నౌక బూడిదవన్నె రంగుతో, జెండాతో, చక్కగనే యుండును.

అందుచే నౌకాదళములయందు ప్రతి యంత్రమునకును దినచర్య, వారచర్య, మాసచర్య యని పట్టికలు వ్రాసియుందురు. ఈ మర నెప్పుడు త్రిప్పవలెను, ఈ పంపు నెప్పుడు నడిపి చూడవలెను, ఎవరు చూడవలెను, ఎవరు సంతకము చేయవలెను అని అందు నిర్ణయింపబడి యుండును. ఇవి విసుగు పుట్టించు పనులే. చేసినవానికి పతకము లేదు. చేయనివానికి ఆ దినమున కష్టమును లేదు. ఇక్కడనే అపాయమున్నది. అశ్రద్ధకు శిక్ష వెంటనే రాదు గనుక, అశ్రద్ధ తప్పుగా తోచదు.

మరమ్మత్తు కాలమున ప్రమాదము హెచ్చు

మరమ్మత్తు జరుగుచున్న నౌక క్షేమముగా నుండునని మన మనుకొందుము. నిజము దీనికి వ్యతిరేకము. నౌక సముద్రముపై నున్నప్పుడు నావికులందరును దానియందే యుందురు, పంపులు నడచుచుండును, తలుపులు మూయబడి యుండును. మరమ్మత్తునకు వచ్చినప్పుడు నావికులలో చాలమంది ఒడ్డుననుందురు. యంత్రములు విప్పి పెట్టబడును. ఉక్కును కోయుటకును అతుకుటకును మంటలు వాడుదురు, నిప్పురవ్వలు ఎగయును. తాత్కాలికముగా వేసిన తీగలును గొట్టములును తలుపులగుండ పోవుచుండును గనుక ఆ తలుపులను మూయుటకు వీలుండదు. గదులనిండ అట్టపెట్టెలు, కొయ్యపలకలు, గుడ్డలు, సామానులు పేర్చబడును. కాల్చుటకు వస్తువు హెచ్చినది, ఆర్పుటకు సాధనము తగ్గినది, చూచుటకు మనుష్యులు తగ్గిరి. కావున ఈ కాలముననే జాగరూకత రెట్టింపు కావలెను.

బోనమ్ రిచర్డ్ ఇట్టి స్థితిలోనే యుండెను. క్రొత్తరకపు విమానములను మోయుటకు తగినట్లుగా దానిని బాగుచేయుటకై సుమారు 25 కోట్ల డాలర్ల ఖర్చుతో రెండేండ్లకు దగ్గరగా పని జరుగుచుండెను. ఆ పని ముగింపునకు వచ్చుచుండగా అపాయము సంభవించెను.

ఆ ఆదివారము

2020వ సంవత్సరము జూలై 12వ తేదీ ఆదివారము ఉదయము ఎనిమిది గంటల ప్రాంతమున, బండ్లను నిలుపు అడుగు అంతస్తులో పొగ పుట్టెను. నావికులలో ఒకరు తెల్లని పొగమంచు వంటి దానిని చూచిరి గాని, కాలిన వాసన రానందున అది అగ్ని యని తలపక, వెంటనే ఎవరికిని చెప్పలేదు. మరి కొన్ని నిమిషములకు పొగ హెచ్చిన తరువాతనే హెచ్చరిక చేయబడెను. గృహమునందు ఈ కొలదినిమిషములు పెద్దవి కాకపోవచ్చును. ఓడలో అవియే ప్రాణము.

ఏలయన, అగ్నికి మూడు కావలెను: కాలు వస్తువు, గాలి, వేడి. ఈ మూటిలో ఒకదానిని తొలగించినచో అగ్ని ఆరిపోవును. ప్రారంభదశలో ఒక బక్కెట్టు నీరు, ఒక చేతిగొట్టము చాలును. కాని ఓడగది ఉక్కుగోడలతో కూడిన కుంపటి వంటిది. వేడి బయటికి పోజాలక లోపలనే పెరుగును. ఉక్కు వేడిని త్వరగా కొనిపోవును గనుక, మంట గోడను దాటకున్నను గోడ ఆవలి ప్రక్కనున్న రంగును, కాగితములను, పరుపులను కాగబెట్టి అంటించును. అందుచే ఓడలో మంటను ఆర్పువారు మంట యున్న గదిమీదనేగాక, దానికి పైనను, క్రిందను, నాలుగు ప్రక్కలను ఉన్న గదుల గోడలమీద కూడ నీరు చల్లుచుండవలెను. ఇది ముందుగా అభ్యసించినవారికే సాధ్యము.

ఆ దినమున నావికులు ధైర్యము లేనివారు కారు. కాని మంటవద్దకు గొట్టమును తీసికొని పోదమన్నచో కొన్ని స్థానములలో గొట్టములే లేవు, కొన్ని తెగియుండెను, కొన్నింటిలో నీరు రాలేదు. తలుపులగుండ తీగలు పోవుచున్నందున వానిని మూయలేకపోయిరి; పొగయు వేడియు మెట్లదారిని పై అంతస్తుల కెక్కెను. రేవులోని అగ్నిమాపక దళమువారును, నగరపు దళమువారును వచ్చిరి గాని, వారికిని నావికులకును కలిసి పనిచేయు అభ్యాసము తక్కువ. ఒకరి రేడియో మాటలు మరియొకరి కందుట కూడ కష్టమయ్యెను. పదకొండు గంటలకు కొంచెము ముందు నౌకలో గొప్ప ప్రేలుడు సంభవించెను. గట్టుమీద నున్నవారు కూడ దాని తాకిడికి పడిపోయిరి.

అటుపిమ్మట అగ్ని నాలుగు దినములకు పైగా మండెను. హెలికాప్టరులు ఆకాశమునుండి వందలకొలది పర్యాయములు నీటిని తెచ్చి కుమ్మరించెను. పదునాలుగు అంతస్తులలో పదునొకండింటికి మంట వ్యాపించెను. జూలై 16వ తేదీన అగ్ని ఆరినది. నలువదిమంది నావికులకును, ఇరువది ముగ్గురు ఇతర సిబ్బందికిని కొద్దిపాటి గాయములు, వేడిదెబ్బ, పొగ బాధ కలిగినవి. ఎవరి ప్రాణమును పోకుండుట యొక్కటే ఈ కథలోని శుభము.

విచారణలో తేలినది

అగ్ని ఎట్లు పుట్టెనో నిశ్చయముగా తేలలేదు. ఎవరో కావలెనని అంటించిరని నౌకాదళమువారు తలచి, ఒక యువ నావికునిపై నేరము మోపిరి. కాని 2022వ సంవత్సరము సెప్టెంబరు నెలలో సైనిక న్యాయస్థానము అతనిని నిర్దోషిగా తీర్పు చెప్పెను. ఈ విషయములో మేము చెప్పదలచిన ముఖ్యాంశము వేరు. నిప్పు ఎవరివలన పుట్టినను, చిన్న నిప్పు నలువదివేల టన్నుల నౌకను మ్రింగుటకు కారణము మాత్రము విచారణలో స్పష్టమయ్యెను. నివేదికలోని ముఖ్య సంగతులను విద్యార్థులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

మొదటిది: నౌకయొక్క స్థితి. ఆ దినమున నౌకలోని అగ్నిమాపక స్థానములలో నూటికి 87 పనిచేయని స్థితిలో ఉండెను. మంటను పసికట్టి గంట మ్రోగించు యంత్రములు కూడ నిలిపివేయబడి యుండెను. మంట పుట్టిన అంతస్తులో పనికిరాని సామగ్రి, అట్టపెట్టెలు, బండ్లు క్రిక్కిరిసి యుండెను. నౌకలో సుమారు పదిలక్షల గాలనుల చమురు కూడ నుండెను.

రెండవది: శిక్షణము. మంట పుట్టిన చోటికి నియమిత కాలములోపల నీటినో మందునో చేర్చవలెనని నావికులకు అభ్యాసములు పెట్టబడుచుండెను. అగ్నిప్రమాదమునకు ముందు వరుసగా పదునాలుగు అభ్యాసములలో వారు ఆ కాలనియమమును నెరవేర్పలేకపోయిరి. పదునాలుగు పర్యాయములు తప్పిన తరువాత పదునైదవది నిజమైన అగ్ని యయ్యెను.

మూడవది: మీట. చమురుమంటను ఆర్పుటకు నీరు చాలదు. చమురు నీటిపై తేలి మండును. అందుకై నురుగు పుట్టించు ద్రవమును నీటితో కలిపి చల్లుదురు. నురుగు దుప్పటివలె చమురును కప్పి గాలి తగులకుండ చేయును. బోనమ్ రిచర్డ్‌లో అట్టి ఏర్పాటు ఉండెను. ఒక మీట నొక్కినచో పైనుండి నురుగు కురియవలెను. కాని ఆ మీట నెవరును నొక్కలేదు. కారణములు రెండు: ఆ ఏర్పాటు సిద్ధముగ నుండునట్లు సరిగా కాపాడబడలేదు, దాని సంగతియు, దానిని వాడు విధమును అక్కడ నున్నవారికి బాగుగా తెలియదు. కోట్ల డాలర్ల నౌకను కాపాడగల సాధనము గోడకు తగిలించియుండి కూడ లేనిదానితో సమానమయ్యెను.

నాల్గవది: బాధ్యత. మరమ్మత్తు కాలమున నౌకమీద అనేక కార్యాలయములకు అధికారముండెను. నావికులొక ప్రక్క, మరమ్మత్తు చేయించువారొక ప్రక్క, రేవు అధికారులొక ప్రక్క, పైనుండి చూచువారొక ప్రక్క. అగ్నినుండి కాపాడు పనిని మరియొకరు చూచుచున్నారని ప్రతివారును తలచిరి. పదిమందిలో పాము చావదని మన పెద్దలు చెప్పుదురు. ఇక్కడ పాము చావకపోవుటయే కాదు, అందరు చూచుచుండగా పెరిగెను. ఈ నష్టమునకు ఐదుగురు అడ్మిరలులతో కూడ ముప్పది ఆరుగురు వేర్వేరు ప్రమాణములలో బాధ్యులని నివేదిక నిర్ణయించెను. ఒక్క దుష్టుని పేరు చెప్పి ముగించుట సులభము; కాని నివేదిక వ్రాసినవారు అట్లు చేయలేదు. అందుకే దానికి విలువ.

నష్టము

నౌకను మరల బాగుచేయవలెనన్నచో 250 కోట్లనుండి 320 కోట్ల డాలర్లును, ఐదునుండి ఏడేండ్ల కాలమును పట్టునని లెక్కవేసిరి. అంత ఖర్చు తగదని 2020వ సంవత్సరము నవంబరు 30వ తేదీన దానిని విడనాడ నిశ్చయించిరి. 2021వ సంవత్సరము ఏప్రిలు 14వ తేదీన దాని సేవ ముగిసినట్లు ప్రకటించి, తరువాత టెక్సాసు రాష్ట్రమునకు లాగుకొనిపోయిరి. ముక్కలు చేయుటకు దానిని అమ్మిరి. వచ్చిన వెల సుమారు 36 లక్షల 60 వేల డాలర్లు. 25 కోట్ల డాలర్లతో బాగుచేయుచున్న నౌక పాతయినుముగా ఈ వెలకు పోయెను. ఇంకను ఎన్నో యేండ్లు పనిచేయదగిన నౌక ఇరువదిమూడవ యేట అంతమయ్యెను.

ముందే నేర్చిన పాఠము

ఈ కథలో మిక్కిలి శోచనీయమైన సంగతి యేమనగా, ఇట్టి పాఠమును ఆ నౌకాదళము ఎనిమిదేండ్ల ముందే నేర్చియుండెను. 2012వ సంవత్సరము మే 23వ తేదీన, మెయిన్ రాష్ట్రమందలి మరమ్మత్తు రేవులో మయామి యను జలాంతర్గామి కాలిపోయెను. అక్కడి పనివా డొకడు కావలెనని నిప్పు పెట్టెను. ఆ నౌకను కూడ బాగుచేయుటకు ఖర్చు చాలక 2014వ సంవత్సరమున సేవనుండి తొలగించిరి. అప్పుడు విచారణ జరిపి, మరమ్మత్తు కాలమున అగ్నినుండి నౌకలను ఎట్లు కాపాడవలెనో ఒక నియమగ్రంథము వ్రాసిరి. గ్రంథము మంచిదే. అందులో వ్రాసినట్లు జరిగినచో బోనమ్ రిచర్డ్ దక్కియుండెడిదేమో! కాని వ్రాసిన నియమము బీరువాలో నుండెను. నౌక రేవులో నుండెను. రెండును కలియలేదు. పాఠమును వ్రాసికొనుట వేరు, నేర్చుకొనుట వేరు అని విద్యార్థులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు.

ఇది ఒక్క దేశపు లోపమని తలపరాదు. రష్యా దేశపు ఏకైక విమానవాహక నౌక యగు అడ్మిరల్ కుజ్నెత్సోవ్ కథయు ఇట్టిదే. 2018వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన ముర్మాన్‌స్కు దగ్గర అది మరమ్మత్తు నుండి బయటికి వచ్చుచుండగా, దానిని మోయుచున్న తేలు డాకు విద్యుచ్ఛక్తి ఆగిపోవుటచే నీటిలో మునిగిపోయెను. ఒక పెద్ద క్రేను విరిగి నౌక పైభాగముమీద పడెను. మరుసటి సంవత్సరము డిసెంబరు 12వ తేదీన అదే నౌకలో లోహము నతుకుచుండగా నిప్పు పుట్టి, ప్రాణనష్టము కూడ కలిగెను. శత్రువు దానిమీద ఒక్క గుండైనను కాల్చలేదు.

బ్రదికిన చిన్న నౌక

చీకటిని చూపినవారము వెలుగును కూడ చూపవలెను గదా. శ్రద్ధ యెంత చేయగలదో తెలుపుటకు మరియొక నౌక కథను క్లుప్తముగా చెప్పెదము. దాని పేరు శామ్యూల్ బి. రాబర్ట్స్. ఇదియు అమెరికా దేశపుదే. కాని బోనమ్ రిచర్డ్‌లో పదవవంతు బరువు గలది, సుమారు 4,000 టన్నులు. 1988వ సంవత్సరము ఏప్రిలు 14వ తేదీన పారసీక సింధుశాఖలో పోవుచుండగా నీటిలో దాచిన ఒక మందుగుండు దానికి తగిలి ప్రేలెను. నౌక వెన్నెముక వంటి అడుగు దూలము విరిగెను. ఒడలికి గొప్ప రంధ్రము పడెను. యంత్రపు గదిలోనికి సముద్రము చొచ్చెను. మంటలు లేచెను. పదిమంది గాయపడిరి. అట్టి దెబ్బ తిన్న నౌక మునుగుటయే సహజము.

కాని అది మునుగలేదు. కెప్టెను పాల్ రిన్ క్రింద నున్న నావికులు అట్టి ఆపదకు ముందుగానే కఠినముగా అభ్యాసము చేసియుండిరి. గొట్టములు ఉండవలసిన చోట ఉండెను; పంపులు నడచెను; తలుపులు మూతపడెను; ఎవరి పని యేదో వారికి చీకటిలో కూడ తెలిసియుండెను. పగిలిపోవుచున్న పైకట్టడమును ఉక్కుత్రాళ్లతో కట్టి విడిపోకుండ ఆపిరి. గంటలకొలది పోరాడి మంటల నార్పిరి, నీటి నాపిరి. ఒక్క ప్రాణమును పోలేదు. ఆ నౌకను మరియొక పెద్ద ఓడపై కెక్కించి స్వదేశమునకు చేర్చి బాగుచేసిరి. అది మరల సముద్రమున ప్రవేశించి 2015వ సంవత్సరమువరకు సేవచేసెను.

ఈ రెండు నౌకలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. ఒకటి పెద్దది, స్వదేశపు రేవులో నున్నది, చుట్టును నగరము, నీరు, సహాయకులు ఉన్నారు; అది నశించెను. మరియొకటి చిన్నది, పరాయి సముద్రమున నున్నది, నడుము విరిగినది, అది బ్రదికెను. లోహములో భేదము లేదు. ధైర్యములోను భేదమున్నదని మేము చెప్పము. ఆపద రాకముందు గడిచిన వందలకొలది సాధారణ దినములలో జరిగిన పనియందే భేదమున్నది.

మనకు దీనిలో నేమి?

మా చదువరులలో కొందరు నౌకాదళమున చేరవచ్చును, చాలమంది చేరకపోవచ్చును. అయినను ఈ కథ మన యిండ్లకును, పాఠశాలలకును, ఊళ్లకును వర్తించును. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు అను సామెత మనకు క్రొత్తది కాదు. కాని బోనమ్ రిచర్డ్ కథ ఈ సామెతకు ఒక మెట్టు పైకి పోవుచున్నది. అక్కడ బావి లేక కాదు, బావి త్రవ్వియే యున్నది. చేద తెగియున్నది, త్రాడు లేదు, బావి యెక్కడనో కొందరికి తెలియదు. సాధనమును సంపాదించుటతో మన బాధ్యత ముగియదని ఇందువలన గ్రహింపవలెను.

విద్యార్థులు తమ పాఠశాల గోడను ఒకసారి పరికించి చూడవలెను. అగ్నిని ఆర్పు ఎఱ్ఱని డబ్బా వ్రేలాడుచుండవచ్చును. దానిని ఎప్పుడు నింపిరి? దాని గడువు తీరినదా? దానిని ఎట్లు వాడవలెనో ఎందరికి తెలియును? ప్రయోగశాలలో గ్యాసు మరను ఎవరు కట్టవలెను? వెనుకతలుపు తాళపుచెవి ఎవరియొద్ద నున్నది? తల్లిదండ్రులు ఇంటి విద్యుత్తీగను, వంటగ్యాసు రబ్బరు గొట్టమును చివర నెప్పుడు మార్చిరో జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. వానలు రాకమునుపు చెరువుగట్టును చూచువాడు వానలు వచ్చిన తరువాత నిద్రపోగలడు. వానలలో చూచువాడు గట్టును చూడడు, గండినే చూచును.

మరియొకటి కూడ కలదు. లోపమును చూచినవాడు చెప్పవలెను. ఆ ఉదయమున తెల్లని పొగను చూచి ఊరకున్న నావికుని మేము నిందింపము. వాసన రాలేదు గనుక ఏమియు కాదని తలచుట మానవస్వభావము. కాని ఇది నాకు సంబంధించినది కాదేమో, చెప్పినచో నవ్వుదురేమో యని సందేహించుట కూడ ఒక గడియను పోగొట్టుటయే. చెప్పిన మాట తప్పైనచో పోవునది కొంచెము సిగ్గు మాత్రమే. చెప్పని మాట నిజమైనచో పోవునది ఎంతయో ఆ నౌక చెప్పుచున్నది. అట్లే పెద్దలును, లోపమును తెలిపిన పిల్లవానిని కసరక, వచ్చి చూడవలెను. కసరినచో వాడు రెండవసారి చెప్పడు.

చిన్న పనులకు పేరు రాదు. మర త్రిప్పినవానిని, గొట్టము నిండుగా నున్నదని చూచినవానిని, తలుపు రబ్బరును మార్చినవానిని ఏ పత్రికయు పొగడదు. వారి పని ఫలించినచో ఏమియు జరుగదు. ఏమియు జరుగకుండుటయే వారి పనికి ఫలము. కావున మన పాఠశాలలో గంట వేయువాని మొదలు నీళ్లతొట్టి కడుగువానివరకు, ఏమియు జరుగకుండ చూచుచున్న వారందరిని మనము గుర్తెరిగి గౌరవింపవలెను. మనకు అట్టి పని యొప్పగింపబడినప్పుడు, ఎవరును చూడకున్నను, దానిని పూర్తిగ చేయవలెను.